1709 చలి: ఒక పాదిరిగారి లెక్క, ఒక దేశపు పరీక్ష



మన వైపు చలి ఎంత ముదిరినా భోగి మంటకు లొంగుతుంది. 1709 జనవరిలో యూరప్ మీద పడిన చలి దేనికీ లొంగలేదు. జనవరి 5న ఫ్రాన్సులో వాన పడింది. ఆ రాత్రికి రాత్రే చలి విరుచుకుపడింది. రోన్ నది గడ్డకట్టింది. వెనిస్‌లో పడవలు తిరిగే నీటి మీద మనుషులు నడిచారు. పీపాల్లో ద్రాక్షారసం గడ్డకట్టింది. దక్షిణాన తరాల నాటి ఒలీవ చెట్లు చచ్చిపోయాయి.

రైతును దెబ్బతీసింది మాత్రం ఆ మొదటి చలి కాదు. గోధుమ మొలకను మంచు దుప్పటిలా కప్పి కాపాడుతుంది. నెలాఖరులో వాతావరణం వేడెక్కి ఆ మంచు కరిగిపోయింది. ఆ వెంటనే చలి మళ్లీ తిరిగొచ్చింది. ఈసారి కప్పు లేని మొలక వేరుతో సహా చచ్చింది. వసంతంలో బార్లీ విత్తుకున్నవారు కొంత గట్టెక్కారు. అయినా ఆకలి, జ్వరాలు కలిసి రెండేళ్లలో ఫ్రాన్సులో 6 లక్షలకు పైగా అదనపు మరణాలు తెచ్చాయని చరిత్రకారుల అంచనా.

ఇంగ్లండులో ఎస్సెక్స్ ప్రాంతపు అప్‌మిన్‌స్టర్ అనే పల్లెలో విలియం డెర్హమ్ అనే పాదిరిగారు ఉండేవారు. సంఘస్థులకు జబ్బు చేస్తే వైద్యం కూడా ఆయనే చూసేవారు. 1697 నుండి వాతావరణాన్ని రాసిపెట్టే అలవాటు ఆయనది. ఆ జనవరిలో ఆయన ఉష్ణమాపకం చూపింది నేటి లెక్కలో మైనస్ 12 డిగ్రీలు. ఇతర దేశాల నుండి కూడా సమాచారం సేకరించి, ఆ చలి చరిత్రను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చువేయించారు. దేవుని సృష్టిని శ్రద్ధగా గమనించడం కూడా సేవే అని ఆయన్ను చూస్తే మనకు అర్థమవుతుంది.

అదే ఏడాది రైన్ నది ఒడ్డు పాలటినేట్ ప్రాంతం నుండి సుమారు 13 వేలమంది పేదలు లండన్ చేరారు. యుద్ధం వారిని ముందే దోచుకుంది, చలి ద్రాక్షతోటలను చంపింది, అమెరికాలో భూమి దొరుకుతుందన్న మాట వారిని కదిలించింది. బ్లాక్‌హీత్ మైదానంలో వారికి గుడారాలు వేశారు. దేశమంతటా సంఘాల్లో చందాలు పట్టారు. మన ప్రొటెస్టెంటు పూర్వికులు చేసిన మంచి పని అది, సంతోషిద్దాం.

కాని కథ అక్కడితో ఆగదు. ఆ వచ్చినవారిలో కాథలిక్కులూ ఉన్నారు. మతం మార్చుకోనివారిని వచ్చిన దారినే వెనక్కి పంపేశారు. ఆ చలి ఎవరినీ "నీది ఏ సంఘం?" అని అడగలేదు. రొట్టె పెట్టిన చేయి అడిగింది.

ప్రియులారా, తుఫానైనా, కరువైనా, చలైనా మన గుమ్మం దగ్గరకు ఒకరిని తెచ్చినప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఏమిటి? సమరయుని ఉపమానం మనందరికీ కంఠతా వచ్చు. లండన్‌లో చందా ఇచ్చిన వారికీ వచ్చు.