సరిహద్దులో ఆగిన అంబులెన్సులు

కంచికచర్లలో పెద్ద జబ్బు చేస్తే హైవే ఎక్కి ఇటు విజయవాడ పోవాలి, లేదంటే నందిగామ, జగ్గయ్యపేట దాటి హైదరాబాద్ పోవాలి. అందరికీ చాలని వైద్యం ఎవరికి ముందు దక్కాలో తేల్చే పద్ధతి ఎన్నిసార్లు మారిందో ఈ దారిన తిరిగిన రోగులకు బాగా తెలుసు.

2007కు ముందు గుండె ఆపరేషన్‌కు డబ్బు లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధే దిక్కు. అర్జీ కదలాలంటే ఎమ్మెల్యే సిఫారసు కావాలి, ఆయన దాకా తీసుకెళ్లే మనిషి కావాలి. ఇలాంటి ఎంపిక వేరే చోటా జరిగింది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని సియాటిల్‌లో డయాలిసిస్ యంత్రాలు చాలక, ఎవరికి ఇవ్వాలో పేర్లు బయటపెట్టని ఓ కమిటీ తేల్చేది. రోగి సంపాదన, సంసారం కూడా లెక్కలోకి వచ్చేవి. సిఫారసు పద్ధతి నాకు అంతకంటే మెరుగ్గా కనిపించదు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈ సిఫారసు పద్ధతిని మార్చింది. తెల్లకార్డు ఉండి, జబ్బు పథకం జాబితాలో ఉంటే సిఫారసు లేకుండానే వైద్యం దక్కేది. ఇది నిజంగా పెద్ద మార్పు. అయితే ఆ జాబితా పెద్ద ఆపరేషన్ల వైపే మొగ్గింది. షుగరు, బీపీలకు నెలనెలా కొనే మందుల ఖర్చు ఇంటి మీదే మిగిలింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం కింద వైద్య ఖర్చు పరిమితి 25 లక్షల రూపాయలకు పెరిగింది. ఏ జబ్బు జాబితాలో ఉండాలన్న చర్చలో మాత్రం రోగులకు చోటు దక్కలేదు.

అంతకు ముందే, 2021 మేలో కోవిడ్ రెండో అల ఉద్ధృతంగా ఉన్నప్పుడు జగ్గయ్యపేట దగ్గర సరిహద్దులో తెలంగాణ పోలీసులు ఆంధ్ర అంబులెన్సులను ఆపేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు చూపించాలి, కంట్రోల్ రూమ్ అనుమతి ఉండాలి అని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పడకలు, ఆక్సిజన్ చాలడం లేదన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఎవరి ఊపిరి ముందు నిలబెట్టాలో వార్డులో డాక్టరు రోగిని చూసి చెప్పాలి. రోడ్డు మీద కానిస్టేబులు బండి నంబరు చూసి చెప్పేది కాదది. పైగా విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికింకా ఉమ్మడి రాజధానే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర వైద్యం అందించకపోతే జీవించే హక్కును కాలరాసినట్టేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

స్టే వచ్చేసరికి ఆంక్షలు మొదలై రోజులు గడిచాయి. ఆక్సిజన్ పడిపోతున్న మనిషికి అన్ని రోజులుండవు. అందుకే పడకల పంపకం నియమాలు మళ్లీ అలాంటి కష్టం రాకముందే రాసుకోవాలి. రాసేటప్పుడు జగ్గయ్యపేట, సరిహద్దుకు అవతలి కోదాడ ఆసుపత్రుల డాక్టర్లనూ, ఆ దారిన తిరిగే రోగుల కుటుంబాలనూ పిలిచి కూర్చోబెట్టాలి.