గైడింగ్‌లో అసలు ప్రశ్న: బేగంపేట నుంచి మూసాపేట వరకు

ఆకాశ ఛాయాగ్రహణంలో గైడింగ్ చరిత్రను చెప్పే రచనలు చాలావరకు దాన్ని కంటి నుంచి కెమెరాకు సాగిన మార్పుగా చూపుతాయి. పూర్వం పరిశీలకుడు గంటల తరబడి ఐపీస్‌కు కన్ను ఆనించి కూర్చునేవాడనీ, 1990 ప్రాంతంలో ఎస్‌బీఐజీ ఎస్‌టీ-4 వంటి పరికరాలు అతనికి ఆ బాధ తప్పించాయనీ వాటి సారాంశం. ఇది అబద్ధం కాదు గాని, అసలు ప్రశ్నను మరుగుపరుస్తుంది. భూభ్రమణానికి ఎదురు తిరిగే మౌంట్‌లోని చిన్న చిన్న లోపాలను, ఒక నక్షత్రాన్ని గమనిస్తూ ఎప్పటికప్పుడు సరిదిద్దడమే గైడింగ్. ఆ నక్షత్రాన్ని ఎవరు చూస్తున్నారన్న దానికంటే ఏ గొట్టం గుండా చూస్తున్నారన్నదే పరికరం ఎంపికలో ముఖ్యం.

తొలి దశలు సుపరిచితాలే. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్, 1883లో ఇంగ్లండులో ఆండ్రూ కామన్ ఒరాయన్ నెబ్యులాను ఫోటో తీశారు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమంతటినీ ప్లేట్ల మీదికి ఎక్కించే ‘కార్ట్ డు సియెల్’ పథకానికి పూనుకున్నారు.

1900 వరకు గడిచిన ఆ రెండు దశాబ్దాలను మాత్రం తొందరగా దాటిపోవడం తగదు. హెన్రీ సోదరులు పారిస్‌లో నిర్మించిన పరికరంలో ఫోటో తీసే కటకమూ, గైడింగ్ కోసం చూసే కటకమూ ఒకే పెట్టె లాంటి గొట్టంలో, మధ్య పలుచని అడ్డుగోడతో అమరి ఉండేవి. రెండూ కలిసి వంగితే తేడా రాదన్నది అందులోని ఆలోచన. అద్దంతో పనిచేసే టెలిస్కోపులకు అది చాలలేదు. టెలిస్కోపు వాలుతున్న కొద్దీ అద్దం తన ఆసనంలో కాస్త కదులుతుంది, ఆ కదలిక పక్క గొట్టానికి కనిపించదు. అందుకే కామన్ రూపొందించిన జంట జారుడు ప్లేటు చట్రంలో గైడింగ్ ఐపీస్‌ను ప్లేటు అంచునే బిగించి, ప్రధాన అద్దం నుంచి వచ్చే కాంతిలోనే ఒక నక్షత్రాన్ని చూస్తూ, రెండు మరలతో ప్లేటునూ ఐపీస్‌నూ కలిపి జరిపేవారు. 1898-1900 మధ్య లిక్ అబ్జర్వేటరీలో జేమ్స్ కీలర్ క్రాస్లీ టెలిస్కోపుతో తీసిన నెబ్యులాల ఫోటోలు ఈ పద్ధతికి ఫలితాలు. ఈనాడు ‘ఆఫ్ యాక్సిస్ గైడర్’ పేరుతో ఆధునిక మెరుగుదలగా అమ్ముడవుతున్న పరికరం మూలసూత్రం, కాబట్టి, ఎలక్ట్రానిక్ కాలానికి ఎంతో ముందుది.

హైదరాబాదు విషయంలోనూ వృత్తాంతం పలుచగానే ఉంది. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన వేధశాల ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీగా స్థిరపడింది. ‘కార్ట్ డు సియెల్’లో మొదట శాంటియాగో వేధశాలకు కేటాయించిన, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీని అది స్వీకరించింది. పోకాక్, టి.పి. భాస్కరన్‌ల సారథ్యంలో సాగిన ఈ పనిని ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రాల లెక్కతోనే ముగించడం పరిపాటి. ఆ లెక్క వెనుక ఉన్న నిక్కచ్చితనం అంతకంటే గమనించదగ్గది. ప్లేటుపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం కావాలన్నది పథకం నియమం గనుక, ఒక ఆర్క్ సెకను తప్పు మిల్లీమీటరులో అరవయ్యో వంతుగా నమోదవుతుంది. అయితే ఇక్కడ అతిశయోక్తికి తావివ్వరాదు: కేటలాగు ప్లేట్ల ఎక్స్‌పోజర్లు కొద్ది నిమిషాలవే కాబట్టి, గొట్టాల వంపు కంటే గడియార యంత్రం నడకే అక్కడ పెద్ద సమస్య అయి ఉండవచ్చు.

నేడు అదే హైదరాబాదులోని మూసాపేట మేడల మీద ఫిల్టర్లు తొడిగి తీసే ఎక్స్‌పోజర్లూ నిమిషాలవే, కాని వాటిని గంటల తరబడి తీసి ఒకదానిపై ఒకటి పేరుస్తారు, అందువల్ల నెమ్మదిగా పెరిగే వంపు దాగదు. పైగా మౌంట్ అక్షాన్ని కుదర్చడానికి ఆధారమైన ధ్రువ నక్షత్రం ఎత్తు హైదరాబాదులో పదిహేడున్నర డిగ్రీలే కావడంతో ఉత్తరాన ఒక అపార్ట్‌మెంటు ఉన్నా అది కనుమరుగవుతుంది. మౌంట్‌ను అంత తక్కువ కోణానికి వంచినప్పుడు బరువుల కడ్డీ స్టాండు కాలికి తగలడమూ ఉంది. అక్షం సరిగా కుదరకపోతే కలిగే చిత్రభ్రమణాన్ని ఏ గైడరూ మాన్పలేదు.

ఇంత ఉండగా, స్క్రీన్ మీది గ్రాఫ్ ఎంత చదునుగా ఉంటే అంత విజయమనే నేటి ధోరణి ఒప్పుకోదగ్గది కాదు, ఎందుకంటే ఆ గ్రాఫ్ గైడ్ కెమెరా చూసినదే చెబుతుంది, ప్రధాన కెమెరాకు ఏం జరిగిందో చెప్పదు. పీహెచ్‌డీ2 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అనేక నక్షత్రాలను ఒకేసారి గమనించి గాలి కదలికల ప్రభావాన్ని తగ్గించడం నిజమైన ప్రగతే, కాని వంపు మీద దానికీ అధికారం లేదు. ఐదు వందల మిల్లీమీటర్ల లోపు నాభ్యంతరం గల కటక టెలిస్కోపుకు పక్కన గట్టిగా బిగించిన చిన్న గైడింగ్ గొట్టం (గైడ్‌స్కోప్) సాధారణంగా చాలు. పొడవైన నాభ్యంతరం గల అద్దపు టెలిస్కోపుకు ఆఫ్ యాక్సిస్ గైడరే న్యాయం, అయితే దాని ఇరుకైన దృశ్యంలో, మూసాపేట కాంతి కాలుష్యం మధ్య గైడింగ్‌కు పనికొచ్చే నక్షత్రం దొరకడమే కష్టం కావచ్చు. గంటసేపు తీసిన చిత్రాలను వరుసగా చూసినప్పుడు నక్షత్రాలన్నీ ఒకే దిక్కుకు జరుగుతూ పోతే వంపును అనుమానించాలి. అలా జరగనప్పుడు ఖరీదైన మార్పు అనవసరం.