మా తండా స్టేజీ కథ

సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు బస్సులో పోతుంటే దారి పొడవునా స్టేజీలు వస్తాయి. పెద్ద రోడ్డు నుంచి ఒక సన్న బాట చీలుతుంది. ఆ మూల మీద చాయ్ హోటల్, కిరాణా కొట్టు, పంక్చర్ దుకాణం, ఎరువుల దుకాణం, ఒక వేపచెట్టు ఉంటాయి. కండక్టర్ ఊరి పేరు పెట్టి పిలుస్తాడు. దిగేది మాత్రం ఎక్కువగా తండా వాళ్లమే. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు పోయే రోజుల్లో అయితే ఈ స్టేజీల్లో నిలబడే చోటుండదు. ఇంతమందిమి ఎక్కి దిగే ఈ చోటుకు ఒక చరిత్ర ఉందని మేం బడిలో చదువుకోలేదు, మా పిల్లలకూ చెప్పలేదు.

లంబాడాలు ఎక్కడి నుంచో వచ్చి రోడ్డు పక్కన చేరారని కొందరంటారు. నిజానికి మేం దారి మీదనే బతికినవాళ్లం. ఇప్పుడు తండా అంటే ఇండ్ల గుంపు. ఆ రోజుల్లో తండా అంటే నడిచే ఎడ్ల గుంపు. ఎడ్ల వీపున గోనెలు వేసి ఉప్పు, ధాన్యం మోసే ఆ వ్యాపారాన్ని గోర్ బోలిలో లదేణి అంటాం. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు అందించింది బంజారా తండాలే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాట కూడా ఈ ప్రాంతం మీదుగానే సాగింది. 'లవణం' నుంచే 'లంబాడా' అనే మాట పుట్టిందని కొందరు పండితులు చెబుతారు.

ఆ బతుకును రైలు దెబ్బతీసింది. 1889 నాటికి నిజాం రైలు వరంగల్, ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది. ఎడ్లు నెలల తరబడి మోసే సరుకును రైలు ఒకటి రెండు రోజుల్లో దించేసింది. అంతకు ముందే, 1871లో, బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. దాంతో సంచార జాతులను అనుమానంగా చూడడం రివాజైంది. ఆ చట్టం రద్దయింది 1952లో. లదేణి ఆగిపోయాక మా పెద్దలు ఊరి బయట, గుట్టల కింద, బంచరాయి భూముల్లో గుడిసెలు వేసుకున్నారు. పశువులు మేపారు, కూలికి పోయారు, రాళ్లు ఏరి చెలకలు చేసుకున్నారు.

ఈ ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే. అయినా అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. అంటే సూర్యాపేటలో బయలుదేరినవాడు కోదాడ చేరేలోపు ఒక రాజ్యం దాటి, మళ్లీ అదే రాజ్యంలోకి వచ్చేవాడు. 1959లో గాని మునగాల నల్లగొండ జిల్లాలో కలవలేదు. రోడ్డు ఒకటే అయినా దాని మీద నడిచేవాళ్లకు ఇద్దరు సర్కార్లు ఉండేవి.

నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో రవాణా శాఖను మొదలుపెట్టింది. తర్వాత తర్వాత బస్సు ఆగిన చోటల్లా స్టేజీ అయింది. అదే కాలంలో దొరల భూదాహం తండాల మీద పడింది. జనగామ దగ్గర ధర్మాపురంలో లంబాడాల భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నేసినప్పుడు జాటోత్ ఠానూ కుటుంబం ఎదురు నిలిచింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో ఠానూ అమరుడయ్యాడు. భూమి కోసం మనవాళ్లు ఎంత పెట్టారో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

తర్వాత నీళ్లు వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. లారీలు తిరగడంతో మూల మీది వేపచెట్టు కింద హోటలు వెలిసింది. దాని పక్కన ఎరువుల దుకాణం వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు భూములు కొన్నారు. రోడ్డు పక్క చెలకకు ధర పెరిగిన కొద్దీ అది మన చేతుల్లో నిలవలేదు. బిడ్డ పెళ్లికని, ఆసుపత్రి ఖర్చుకని, ఎరువుల బాకీకని ముందుగా పోయింది రోడ్డు వైపు ముక్కే. చాలాచోట్ల మనకు మిగిలింది కాలువ చివరి భూమి, నీళ్లు అందని భూమి.

ఇక్కడ యువకులు ఒక సంగతి తెలుసుకోవాలి. తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరింది 1976 చట్టంతో. అందరూ చెప్పుకునే 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. కాబట్టి 'గిరిజనుల భూమి ఎవరూ కొనలేరు' అనే ధీమా మనకు పనికిరాదు. అయితే సర్కారు ఇచ్చిన లావుణి పట్టా భూముల అమ్మకాన్ని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. మన ఇంటి పెట్టెలో ఉన్న కాగితం సొంత పట్టానా, లావుణి పట్టానా అన్నది చదవగలిగిన బిడ్డ ప్రతి ఇంట్లో ఉండాలి. 2018లో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. రికార్డులు చూపించమని అడగడానికి ఇప్పుడు మన పంచాయతీ ఆఫీసే ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఈసారి సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో పిల్లలను స్టేజీ దగ్గరికి తీసుకుపోదాం. ఒక పటం గీయిద్దాం. ఈ బావి ఎవరు తవ్వారు? ఈ దుకాణం కింది నేల 50 ఏళ్ల కింద ఎవరి చెలక? మొదటి బస్సు ఆగింది ఎప్పుడు? దాదాను, దాదీని కూచోబెట్టి గోర్ బోలిలోనే అడగనిద్దాం, తెలుగులో రాయనిద్దాం. లదేణి మాటలు గుర్తున్న పెద్దలు ఒక్కో తండాలో ఒకరో ఇద్దరో ఉంటారు. వచ్చే ఏడాది అడుగుదాంలే అనుకుంటే వాళ్లు ఉండకపోవచ్చు.