సైకిలుకు మోటారు - ముందు బ్రేకుల సంగతి చూడండి

ఆఫీసుకు వెళ్ళే పాత సైకిలు వెనుక చక్రానికి మోటారు కిట్టు బిగించుకున్నాను. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్-అవర్లు. కిలోమీటరుకు 12 చొప్పున ఖర్చయితే 30 కిలోమీటర్లు వెళ్ళవచ్చు. ఎదురుగాలి, ఎత్తు ఉంటే అంత రాదు.

అమెరికాలో 2002 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం మోటారు 750 వాట్ల లోపు, కేవలం మోటారుతో వెళ్ళే వేగం గంటకు 20 మైళ్ళ లోపు, అంటే 32 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది సైకిలు కింద లెక్క. రోడ్డు మీద నడపడానికి రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి.

వేగం 20 కిలోమీటర్ల నుంచి 32కు పెరిగితే బ్రేకులు ఆపవలసిన శక్తి రెండున్నర రెట్లవుతుంది. ఒక వాన రోజున పాత రిమ్ బ్రేకులు పట్టక, ఎర్ర లైటు దాటి కూడలి నడుమ ఆగాను. అదృష్టవశాత్తు కార్లేవీ రాలేదు. ఆ తరువాతే ముందు ఫోర్కు మార్పించి డిస్కు బ్రేకు, నొక్కగానే మోటారు ఆగిపోయే లివర్లు పెట్టించాను. మీరు మాత్రం ఈ పని మోటారు బిగించక ముందే చేయండి.