ఆఖిలా నుంచి మోటారు బీమా వరకు

పొరపాటున ఒకరి వల్ల మరొకరి ప్రాణం పోతే మృతుని వారసులకు రక్తపరిహారం (దియత్) చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 92వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఈ భారమంతా ఒక్కనిపైనే పడితే, కారకుడు పేదవాడైనప్పుడు వారసులకు దక్కేది శూన్యం. అందుచేత షరీఅత్ దీనిని కారకుని పితృవర్గ బంధువులైన 'ఆఖిలా'పై ఉంచి, మూడేండ్ల గడువు ఇచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) సైనికుల జీతాల పట్టికయైన దీవాన్‌ను ఏర్పరచిన తర్వాత, అందులోని సహచరులే ఆఖిలా అవుతారని హనఫీ పండితులు నిర్ణయించారు. భారం పంచుకొనేవారు మారారు గాని సూత్రం మారలేదు.

మోటారు కారు వచ్చాక ఇదే సమస్య మళ్ళీ తలెత్తింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1925లో చట్టం చేసి, 1927 జనవరి 1 నుంచి కార్లకు బీమా తప్పనిసరి చేసింది. బాధితుడు ఒక్కడైతే 5,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 10,000 డాలర్లు నాటి కనీస పరిమితులు. 2025 జూలై నుంచి అవి 25,000, 50,000 డాలర్లు. అక్కడ ఏ రాష్ట్రపు పరిమితి ఆ రాష్ట్రానిదే. న్యూ హాంప్‌షైర్ నేటికీ అందరికీ బీమాను తప్పనిసరి చేయలేదు. భారతదేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం, తర్వాత 1988 చట్టంలోని 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమాను విధించాయి.

ఈ నిర్బంధం ప్రధానంగా బాధితుని కోసం. సొంత కారుకు కలిగే నష్టం, దొంగతనం, అగ్నిప్రమాదం వంటి వాటికి తీసుకొనే బీమా యజమాని ఇష్టం. చట్టరీత్యా అది తప్పనిసరి కాదు.

అయితే ఆఖిలాలో ముందుగా కట్టే ప్రీమియం లేదు, లాభం తీసే వ్యాపారి లేడు. 1836లో మరణించిన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ ఓడల సరుకు బీమాను ఆమోదించలేదు. 1985 డిసెంబరులో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, స్థిరమైన ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాలో తీవ్రమైన అనిశ్చితి (గరర్) ఉన్నందున అది నిషిద్ధమని, పరస్పర సహకారంపై నడిచే బీమా ధర్మసమ్మతమని తీర్మానించింది. సూడాన్‌లో 1979లోనే అటువంటి సంస్థ ఏర్పడింది. సహకార బీమా లభించనిచోట, చట్టం నిర్బంధించిన మేరకు మాత్రం తీసుకోవచ్చునని అనేకమంది ఉలమా అనుమతించారు. ఐచ్ఛికమైన బీమాకు ఆ మినహాయింపు వర్తించదని వారి అభిప్రాయం.

మరొక విషయం గమనార్హం. అదే ఆయత్ దియత్‌తోపాటు ప్రాయశ్చిత్తాన్ని (కఫ్ఫారా) కూడా విధించింది: బానిస విముక్తి, అది సాధ్యం కానప్పుడు వరుసగా రెండు నెలల ఉపవాసాలు. సొమ్మును ఆఖిలా పంచుకొంటుంది. ఉపవాసం మాత్రం కారకుడే ఉండాలి. పాలసీ చేతనున్నదని నిర్లక్ష్యంగా బండి నడిపేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.