శ్మశానవాటిక పక్కన ఇల్లు: అవిన్యోన్‌లో మిల్, హెలెన్ టేలర్

ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసిందనీ, భారతదేశ పరిపాలన బ్రిటిష్ రాణి చేతికి వచ్చిందనీ 1858 నవంబరు 1న ప్రకటన వెలువడింది. రెండు రోజుల తర్వాత, నవంబరు 3న, దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోన్ పట్టణంలో ఒక హోటలు గదిలో హారియెట్ టేలర్ మిల్ మరణించింది. ఆమె భర్త జాన్ స్టూవర్ట్ మిల్ ముప్పై అయిదేళ్లు ఆ కంపెనీ లండన్ కార్యాలయంలో పనిచేసి, కంపెనీ రద్దు కావడంతో అప్పుడే ఉద్యోగ విరమణ చేసినవాడు. శీతకాలాన్ని వెచ్చని ప్రాంతంలో గడపాలని దంపతులు బయలుదేరిన ప్రయాణం దారిలోనే ఆగిపోయింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన రావడం కాకతాళీయమే. కాని ఆ తర్వాత అవిన్యోన్‌లో వెలసిన ఇంగ్లీషు కుటుంబానికీ భారతదేశానికీ ఉన్న సంబంధం కాకతాళీయం కాదు.

మిల్ అవిన్యోన్ నివాసాన్ని భార్యావియోగ గాథగా చెప్పుకోవడం పరిపాటి. అది అసత్యమేమీ కాదు. అయితే పరాయి దేశపు పల్లెపట్టున ఒక కుటుంబం పదిహేనేళ్లు నిలదొక్కుకోవడానికి దుఃఖం ఒక్కటే చాలదు. ఇల్లు నడిపే మనిషి కావాలి, ఏటేటా చేతికందే రాబడి కావాలి. ఆ మనిషి ఎవరు, ఆ రాబడి ఎక్కడిది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశాలు.

హారియెట్‌ను పట్టణ ప్రాకారాల వెలుపల సాన్ వెరాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. మిల్ ఆమె సమాధిని ఇటలీలోని కరారా పాలరాతితో నిర్మింపజేసి, దీర్ఘమైన స్మారక వాక్యాలను తానే రచించి చెక్కించాడు. సమాధికి వీలైనంత చేరువలో ఒక చిన్న ఇల్లు కొన్నాడు. ఆమె ప్రాణం విడిచిన హోటలు గదిలోని సామగ్రిని కూడా కొని ఆ ఇంటికి చేర్చాడు. లండన్ శివారులోని ఇంటిని వదులుకోకుండానే, ఏటా చాలా నెలలు ఇక్కడే గడిపేవాడు.

ఆ ఇంటిని నివాసయోగ్యం చేసింది హెలెన్ టేలర్. హారియెట్‌కు మొదటి భర్త జాన్ టేలర్ వల్ల 1831లో కలిగిన కుమార్తె ఆమె. తల్లి మరణించేనాటికి ఇరవై ఏడేళ్ల యువతి. అంతకు రెండేళ్ల ముందే ఇల్లు విడిచి, ఇంగ్లండు ఉత్తర ప్రాంత నాటకశాలల్లో నటిగా జీవితం ప్రారంభించింది. తల్లి మరణంతో రంగస్థలాన్ని విడిచిపెట్టి సవతి తండ్రి వద్దకు చేరింది. వానా చలీ ఉన్నప్పుడు ఆయన పచార్లు చేయడానికి సుమారు ముప్పై అడుగుల పైకప్పు నడవా కట్టించింది. ఎండబెట్టిన మొక్కల నమూనాలకు అరలు, వృక్షశాస్త్ర గ్రంథాలకు బీరువాలు, వాటిని పరచి చూసుకోవడానికి పెద్ద బల్ల ఉన్న ప్రత్యేకమైన గది ఏర్పాటు చేసింది. మిత్రుడు థార్న్‌టన్‌కు రాసిన లేఖలో మిల్ ఈ వసతులన్నింటినీ ముచ్చటగా వర్ణించాడు.

ఇంటి పని అక్కడితో ఆగలేదు. మిల్ పేరిట వెళ్లిన ఉత్తరాలలో హెలెన్ రూపొందించినవి ఎన్నో ఉన్నాయి. తన పేరున వెలువడిన రచనలు ఒక్క మనసులోనివి కావని, మూడు మనసుల ఫలితమని మిల్ ఆత్మకథలో అంగీకరించాడు. స్త్రీల పరాధీనతపై ఆయన రాసిన గ్రంథం 1869లో అచ్చయింది గాని, దాని తొలి రచన 1860-61లోనే ఈ ఇంట్లో సాగింది. ఆ రచనకు ప్రేరణ హెలెన్ సూచనే. స్త్రీకి వృత్తి స్వేచ్ఛ ఉండాలని వాదించిన ఆ గ్రంథం, స్వయంగా ఎంచుకున్న వృత్తిని విడిచిన స్త్రీ నడిపిన ఇంట్లో పుట్టింది. దీన్ని మిల్ కపటంగా చూపడం తొందరపాటు అవుతుంది. ఆమె తన ఇష్టంతోనే వచ్చింది. 1866లో స్త్రీల ఓటుహక్కు కోసం పార్లమెంటుకు సమర్పించిన మహజరు వెనుక ఆమె కృషి ఉంది. 1867లో మిల్ ప్రతిపాదించిన సవరణకు అనుకూలంగా 73 ఓట్లు, వ్యతిరేకంగా 196 వచ్చాయి. అయినా ఆ ఇంటి దైనందిన భారం ఎవరి భుజాన ఉందో మరువరాదు.

స్థానికులతో కుటుంబానికి ఏర్పడిన సంబంధాలు పరిమితమే. వాటిలో విలువైనది కీటకశాస్త్రజ్ఞుడు జాన్ హెన్రీ ఫాబ్ర్ స్నేహం. అవిన్యోన్ ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఫాబ్ర్‌తో కలిసి మిల్ వాక్లూజ్ ప్రాంతపు కొండలు, పొలాలు తిరిగి మొక్కలు సేకరించాడు. ఆ ప్రాంతంలో మంజిష్ఠ జాతి మొక్కను ఎర్రరంగు కోసం విస్తారంగా పండించేవారు. కృత్రిమ అలిజరిన్ రాకతో ఆ సాగు, దానిపై ఫాబ్ర్ చేసిన పారిశ్రామిక ప్రయోగాలు రెండూ దెబ్బతిన్నాయి. (మచిలీపట్నం అద్దకంలోని చిరివేరుకు కూడా ఆ రసాయనమే పోటీగా వచ్చింది.) ఫాబ్ర్ తన సాయంకాలపు విజ్ఞాన ప్రసంగాలకు బాలికలను రానిచ్చాడు. ఆ ఆగ్రహానికి గురై 1870లో ఉద్యోగానికీ అద్దె ఇంటికీ దూరమైనప్పుడు మిల్ మూడు వేల ఫ్రాంకులు అప్పుగా ఇచ్చి ఆదుకున్నాడు.

ఇక రాబడి సంగతి. కంపెనీ మిల్‌కు ఏటా 1,500 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. నాటి మారకపు లెక్కన అది దాదాపు 15,000 రూపాయలు. 1858 చట్టం ప్రకారం కంపెనీ బాధ్యతలన్నీ భారతదేశ ఆదాయంపై పడ్డాయి. గ్రంథాల వల్ల వచ్చిన రాబడి ఉన్నా, స్థిరమైన ఆధారం మాత్రం ఈ పింఛనే. భారత ఆదాయంలో అత్యధిక భాగం భూమిశిస్తు. ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు అప్పటికే పూర్తయి ఉన్నాయి. గోదావరి, కృష్ణా డెల్టా రైతులు చెల్లించిన శిస్తు కూడా ఆ మొత్తంలో చేరింది. ఏ రైతు రూపాయి ఏ పింఛనులో కలిసిందని చెప్పడం అసాధ్యం, అనవసరం కూడా. కాని అవిన్యోన్ ఇంటి ఖర్చుల పద్దులో తెలుగు నేలకూ భాగముందన్నది నిర్వివాదం.

మిల్ భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. సంస్థానాలతో కంపెనీ సంబంధాలకు చెందిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఏళ్ల తరబడి తయారుచేసింది మాత్రం ఆయనే. తండ్రి జేమ్స్ మిల్ రైత్వారీ పద్ధతి సమర్థకుడు. కొడుకు 1848 నాటి అర్థశాస్త్ర గ్రంథంలో చిన్న కమతాల రైతు యాజమాన్యాన్ని సమర్థిస్తూ ఫ్రాన్సును కూడా ఉదాహరణగా చూపాడు. చివరికి ఆ రైతుల మధ్యనే స్థిరపడ్డాడు. భారతమండలిలో సభ్యత్వం ఇవ్వజూపినా నిరాకరించాడు.

1873 మే మొదటివారంలో ఫాబ్ర్‌తో కలిసి ఓరాంజ్ పరిసరాల్లో పదిహేను మైళ్లు నడిచి మొక్కలు సేకరించిన మిల్, ఆ వెంటనే జబ్బుపడి మే 7న మరణించాడు. ఆయనను భార్య పక్కనే ఖననం చేశారు. ఆ ఏడాదే హెలెన్ ఆయన ఆత్మకథను ప్రచురించింది. 1876 నుంచి 1885 వరకు లండన్ పాఠశాలల మండలిలో సభ్యురాలిగా పనిచేసి, మళ్లీ సాన్ వెరాన్ ఇంటికి వచ్చి చాలా ఏళ్లు ఒంటరిగా ఉంది. వృద్ధాప్యంలో మేనకోడలు ఆమెను ఇంగ్లండుకు తీసుకువెళ్లింది. 1907లో టార్క్వేలో మరణించింది. ఆ ఇల్లు నేడు లేదు. ఆమె అరలు కట్టించిన గదిలోని ఎండు మొక్కలలో కొన్ని అవిన్యోన్‌లోని రెకియన్ మ్యూజియంలో, మరికొన్ని లండన్ క్యూ ఉద్యానవనంలో ఉన్నాయి.