గెత్తం కుప్ప మీద కోడి

పెరటి కోడి తినేదాంట్లో ఇంటివాళ్లు వేసేది కొంచెమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొద్దున్నే గుప్పెడు నూకలో చోళ్లో చల్లి కోళ్లను వదిలేస్తారు. ఆపైన అవి పెరట్లో, కల్లంలో, పశువుల సాలలో, గెత్తం కుప్ప మీద కాళ్లతో గీరుకుని కడుపు నింపుకుంటాయి. పశువుల పెంటను ఇక్కడ గెత్తం అంటారు. చెదలు, బొద్దింకలు, ఈగ పురుగులు, పశువుల ఒంటి నుంచి రాలిన గోమార్లు, చిన్నచిన్న జెర్రులు, అన్నీ కోడికి ఆహారమే. అందుకే పెరటి పురుగులను అదుపు చేసిన చరిత్రలో కోడి రెండు వేషాల్లో కనిపిస్తుంది. ఒకటి పురుగును తినే పనిమనిషి వేషం, రెండోది పురుగుకు పెట్టిన మందు తిని పడిపోయే అమాయకురాలి వేషం. రెండో వేషం వయసు డెబ్భై ఏళ్లకు అటూఇటూ ఉంటుంది.

మందు డబ్బాలు రాకముందు పురుగుతో పోరు ముఖ్యంగా గూడు దగ్గర జరిగేది. మట్టి అరుగు కింద తవ్విన గూడు గానీ, రాత్రి బోర్లించే వెదురు గంప గానీ కోళ్లకు ఆశ్రయం. గూటి గోడ పగుళ్లలో పగలంతా దాక్కునే కోడి గోమారి రాత్రి బయటికి వచ్చి రక్తం తాగి తిరిగి పగుల్లోకి పోతుంది. పగటిపూట కోడిని పట్టుకుని ఈకలు ఎంత తిరగేసినా ఎదిగిన గోమారి దొరకదు. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి గూడు ఖాళీగా ఉంచినా చావదు. దీనికి మందు కోడి ఒంటికి కాదు, గోడకే వేయాలి. మట్టీ పేడా కలిపి అలికి పగుళ్లు పూడ్చడం, సున్నం కొట్టడం, గంపను ఎండలో పడేసి మంట సెగ చూపించడం ఆ కాలపు పద్ధతులు. పండగ ముందు ఇల్లు అలికే ఆడవాళ్లు ఆ చేత్తోనే గూడు కూడా అలికేవాళ్లు. అది శుభ్రం కోసమే అనుకున్నా జరిగే పని మాత్రం గోమారిని లోపల మూసేయడం.

ఒంటి మీది పేలకు పొయ్యి బూడిద వాడేవాళ్లు. పెరటి మూల బూడిద, పొడి మట్టి కలిసిన చిన్న గుంట ఉంటే చాలు, కోడి తనంతట తానే పొర్లాడి ఈకల్లోకి ధూళి ఎక్కించుకుంటుంది. మెత్తని ధూళి పురుగు చర్మం మీది మైనపు పూతను గీకేస్తే లోపలి తడి ఆరిపోయి అది చస్తుంది. పొదుగుడు కోడి కింద గడ్డిలో వేపాకు, వావిలాకు పరిచేవాళ్లు. సీతాఫలం గింజల పొడి పేలను బాగా చంపుతుంది కానీ కంట్లో పడితే మనిషికైనా కోడికైనా ప్రమాదమే. పొగాకు కషాయం సంగతీ అంతే. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఈ ప్రాంతంలో పొగాకుకు కొదవ లేదు. అందులోని నికోటిన్ మాత్రం గట్టి విషం. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అమెరికా రైతులు నికోటిన్ సల్ఫేటును కోళ్లు కూర్చునే కర్రలకు పూసేవారు. చెట్టు నుంచి వచ్చిందల్లా క్షేమమనే నమ్మకానికి పొగాకే జవాబు.

చెదల విషయంలో పాత పద్ధతి మరీ గడుసుది. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి తడిపి పుట్ట పక్కన రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు చేరతాయి. కోడిపిల్లల ముందు ఆ కుండ దులిపితే చాలు. తూర్పు కనుమల గిరిజన పల్లెల్లో కోడిపిల్లలకు మాంసకృత్తులు ఇలా అందేవి. తొలకరికి రెక్కలతో లేచే ఉసుళ్ల కోసం కోళ్లు, మనుషులు పోటీ పడేవారు. ఇంటి దూలాన్ని తినే చెద శత్రువు, కుండలోకి వచ్చిన చెద దాణా.

ఉద్దానం కొబ్బరి తోటల్లో ఈ లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరికి ప్రధాన శత్రువు కొమ్ము పురుగు. పెద్ద పురుగు చెట్టు మొవ్వు తొలిచేస్తుంది, గుడ్లు మాత్రం గెత్తం కుప్పలో, కుళ్లిన మానులో పెడుతుంది. అక్కడ నాలుగైదు నెలలు తెల్లని లావుపాటి పురుగుగా పెరుగుతుంది. గెత్తం తిరగేసిన రోజు కోళ్లకు పండగే. మొవ్వులోని పురుగును ఇనుప కొక్కెంతో లాగి కింద పడేస్తే అదీ కోడి పాలే. ఒకే ప్రాణి చెట్టు మీద నష్టం చేస్తూ, చెట్టు కింద కోడికి మేతవుతూ ఉండేది.

ఈ వరసను మార్చింది పొడి మందులు. డీడీటీకి కీటకాలను చంపే గుణం ఉందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ పల్లెలు అప్పుడు 1950లో ఏర్పడ్డ శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. ఇప్పుడవి పార్వతీపురం మన్యం జిల్లాలోవి. మన్యం జ్వరం పీడించే ఆ కొండల్లో ఇళ్ల గోడలకు మందు కొట్టడం పెద్ద మేలే చేసింది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ గోడ మీద చచ్చిన బొద్దింక నేల మీద పడితే ఏరుకునేది కోడి. డీడీటీ కొవ్వులో నిలిచిపోయే పదార్థం, కోడి కొవ్వులోంచి గుడ్డు పచ్చసొనలోకి చేరుతుంది. దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో ఇలాగే మలేరియా మందు కొట్టిన ఇళ్ల చుట్టూ తిరిగే కోళ్ల గుడ్లను పరీక్షిస్తే అందులో డీడీటీ అవశేషాలు దండిగా బయటపడ్డాయి. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకాన్ని 1989లో ఆపేశారు.

పల్లెల్లో గమాక్సిన్ పొడి అని పిలిచిన బీహెచ్‌సీ ఇంకా దగ్గరగా వచ్చింది. చీమలకు, చెదలకు చల్లేవారు. కొబ్బరి మొవ్వులో ఇసుకతో సమంగా కలిపి వేయాలన్నది అప్పటి సిఫార్సు. గాలికీ వానకీ ఆ పొడి కోళ్లు గీరే నేల మీదికే రాలేది. చెదలకు ఆల్డ్రిన్, పంటకు ఎండ్రిన్ వాడుకలోకి వచ్చాయి. ఎండ్రిన్ పేరు తెలుగు పల్లెల్లో విషానికి మారుపేరైంది. 1958లో కేరళలో ఆహార పదార్థాలతో పాటు రవాణా చేసిన పారథియాన్ వాటిలో కలిసి వందమందికి పైగా చనిపోయాక కదిలిన ప్రభుత్వం 1968లో క్రిమిసంహారక మందుల చట్టం తెచ్చింది. ఎండ్రిన్ 1990లో, ఆల్డ్రిన్ 1996లో, బీహెచ్‌సీ 1997లో నిషేధానికి గురయ్యాయి. ఇన్ని ఏళ్లు పట్టడానికి కోడి చావు ఎవరి లెక్కలోకీ రాకపోవడం కూడా ఒక కారణమే అనాలి.

లెక్కలోకి రాకపోవడానికి మరో సంగతి తోడైంది. మందు తిన్న కోడి మెడ వాల్చి, కాళ్లు పడిపోయి చస్తుంది. కొక్కెర తెగులు సోకిన కోడీ మెడ తిప్పుకుని, కాళ్లు లాక్కుని చస్తుంది. కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో 1928 ప్రాంతంలో మన దేశంలో గుర్తించిన ఈ తెగులు ఊరి కోళ్లను ఊడ్చేసేది. అందువల్ల పెరట్లో రెండు కోళ్లు పడిపోతే తెగులనే అనుకునేవారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. తెగులు రోజుల వ్యవధిలో ఊరంతా పాకుతుంది, విషం ఒకే పెరట్లో ఒకే పూటలో పని ముగిస్తుంది.

ఎలుకల మందు కథ అన్నిటికన్నా సూటిగా ఉంటుంది. ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర కలపాలంటే నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు. బ్రోమాడయోలిన్ ఎరకూ నూకలే ఆధారం. అవే నూకలు కోడిపిల్లలకు రోజూ చల్లే మేత. గాదె పక్కన పళ్లెంలో పెట్టిన ఎర కోడికి పిలిచి పెట్టిన విందే. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది, విరుగుడు లేదు. అందుకే ఎరను కాగితం పొట్లం కట్టి, ఎలుక తిరిగే కన్నం లోపలికి తోసి, మట్టితో మూసేయాలన్నది నియమం. మొదటి రోజు కన్నాలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటికే మందు పెడతారు. ఇంటి పెరట్లో అయితే బోను, పిల్లి చాలు.

ఈ మందుల నుంచి వెనక్కి మళ్లడం 2004 ప్రాంతంలో మొదలైంది. పురుగుమందులు లేని సేద్యాన్ని గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ప్రచారం చేసింది. 2016 నుంచి అది ప్రకృతి వ్యవసాయంగా రైతు సాధికార సంస్థ చేతుల్లో సాగుతోంది. కషాయాల్లో కలిపే ఉమ్మెత్త, జిల్లేడు కోళ్లకు విషమేనని మాత్రం గుర్తుంచుకోవాలి. కషాయం కాచిన పిప్పిని గెత్తం మీద పారేయకూడదు.

బీహెచ్‌సీ పోయాక కొబ్బరి మొవ్వులోకి కార్బరిల్ పొడి వచ్చింది. దాన్నీ 2018 ఆగస్టు 8న కేంద్రం నిషేధించింది. రెండు నెలలకే, అక్టోబరు 11న, తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. కూలిన మానులు కుళ్లితే కొమ్ము పురుగుకు పుట్టిళ్లే. ఇప్పుడు రైతు చేతిలో మిగిలినవి ఆముదపు పిండి నానబెట్టిన కుండలు, లింగాకర్షక బుట్టలు, మొవ్వులో నాఫ్తలీన్ ఉండలు, గెత్తంలో చల్లే మెటారైజియం శిలీంధ్రం. పురుగును పచ్చని బూజుగా మార్చి చంపే ఆ శిలీంధ్రం కోడికి హాని చేయదు. మెటారైజియం చల్లిన కుప్ప మీదికి కోళ్లను మామూలుగానే వదలొచ్చు. నాఫ్తలీన్ ఉండ మాత్రం కింద పడకుండా ఇసుకలో కప్పి పెట్టాలి.